సాన్ అన్నా సాన అన్నా

మిషను కుట్టేవాళ్ళ ఇంట్లో మిషను ఒక్కటే ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. మిషను నడవాలంటే ముందు గుడ్డ కత్తిరించాలి. దానికి కత్తెర కావాలి. కత్తెరకు పదును కావాలి. పదునుకు సాన కావాలి. ఆ సాన తిరగడానికి మా ఇంట్లో మళ్ళీ మిషనే కావాలి. ఇట్లా ఒకదాన్నొకటి ఆనుకొని మా బతుకు నడిచింది. ఇందులో ఏది అసలు, ఏది అదనం అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. కానీ ఈ దేశంలో మమ్మల్ని తిప్పి తిప్పి అడిగే ప్రశ్న అదే. మీరు అసలా, అదనమా? ఇక్కడివాళ్ళా, తగిలించుకున్నవాళ్ళా?

అందుకే మా సాన గురించి చెప్పాలి.

మాది తెలంగాణలో ఒక చిన్న టౌను. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు. మా అబ్బా దర్జీ. అమ్మీ కూడా దర్జీయే. కాకపోతే ఆమె పేరు దుకాణం బోర్డు మీద లేదు. ముందుగదిలో కూర్చొని అబ్బా ప్యాంట్లు, చొక్కాలు కుట్టేవాడు. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్స్ పరదా వెనక అమ్మీ చేతిలో పడేవి. మిషను మాత్రం ఒకటే. పగలు ముందుగదిలో, రాత్రి వెనకగదిలో.

అది తొక్కుడు మిషను. కింద ఇనుప స్టాండుకు పెద్ద చక్రం. పైన మిషను తలకాయ పక్కన చిన్న చక్రం. బల్లకున్న రంధ్రాల్లోంచి ఆ రెంటినీ కలుపుతూ ఒక తోలు బెల్టు. కాళ్ళతో పెడలు తొక్కితే పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలోగా చిన్న చక్రం నాలుగైదు చుట్లు తిరుగుతుంది. ఆ వేగమే సూదికి ప్రాణం.

బాబినుకు దారం చుట్టడం చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుస్తుంది. చిన్న చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ళను వదులు చేస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది, సూది మాత్రం ఆగిపోతుంది. చక్రానికి ఆనించిన చిన్న రబ్బరు చక్రం గిరగిర తిరిగి బాబినుకు దారం చుడుతుంది. అంటే కుట్టు మిషను కుట్టడమే కాదు, ఇంకో పనీ చెయ్యగలదు. కాళ్ళ బలం బెల్టు మీద పైకొస్తుంది. దాన్ని ఎటు మళ్ళిస్తే ఆ పని అవుతుంది. ఈ సంగతి పట్టుకొనే అబ్బా మా సానను చేయించాడు.

అదేమంత పెద్ద వస్తువు కాదు. మూరెడు కూడా లేని ఇనుప చట్రం. కింద బల్ల అంచుకు బిగించే మరబిళ్ళ. పైన రెండు బుష్‌ల మధ్య ఒక ఇరుసు. ఇరుసు నడుమ గాడి ఉన్న పుల్లీ. ఒక కొసకు గుండ్రటి సానరాయి. ఇంకో కొసకు బర్మా పుల్లను బిగించే చక్. ఇరుసు, పుల్లీ లేతు పని చేసేవాళ్ళ దగ్గర తయారయ్యాయి. చట్రం మా సందు చివర కమ్మరి తాత కొలిమిలో తయారయింది. పని ఉన్నప్పుడు చట్రాన్ని బల్లకు బిగించి, చిన్న చక్రం మీది బెల్టును తప్పించి ఈ పుల్లీకి ఎక్కించేవాళ్ళం. బెల్టు బిగువు సరిపోయేదాకా చట్రాన్ని ఒక వేలు అటో ఇటో జరిపేవాళ్ళం. అమ్మీ తొక్కేది. అబ్బా రాయి దగ్గర వంగి రెండు చేతులా కత్తెర పట్టేవాడు. చెక్క హ్యాంగర్లకు చిల్లులు పెట్టాలంటే రెండో కొస. పనయ్యాక బెల్టు మళ్ళీ మిషనుకు. చట్రం బల్ల కిందికి.

కత్తెర నూరడం అందరూ అనుకున్నంత సులువు కాదు. ఏటవాలుగా ఉన్న అంచును మాత్రమే రాయికి ఆనించాలి. రెండు అలుగులు ఒకదాన్నొకటి రాసుకొనే లోపలి వైపును ముట్టుకోరాదు. ముట్టుకుంటే మధ్యలో సందు పడి కత్తెర గుడ్డను తెంపదు, నములుతుంది. గట్టిగా అదిమితే ఇనుము వేడెక్కి నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన ఇనుములో గట్టిదనం పోతుంది. అందుకే పక్కన నీళ్ళ డబ్బా. రాయికి ఒకసారి, నీళ్ళలో ఒకసారి. చివర్న తడిగుడ్డను కత్తెర మొనతో కత్తిరించి చూడాలి. తడిగుడ్డ మొన దగ్గర కూడా జారకుండా తెగితేనే పదును పట్టినట్టు. ఇదంతా అవుతున్నంతసేపూ మిషను తలకాయ మీద మందపు గుడ్డ కప్పి ఉండేది. రాతి పొడి నూనె ఉన్నచోట పడితే అంటుకుంటుంది. అంటుకుంటే మిషను అరిగిపోతుంది. అందుకే పని కాగానే సాన తీసెయ్యాలి. మేం దాన్ని తీసింది పరాయిదని కాదు. రెండూ పదికాలాలు ఉండాలని.

ఆ సానరాయి మీద మా కత్తెరలే పదునెక్కలేదు. వడ్ల ఆయన ఉలి తెచ్చేవాడు. మంగలి కత్తెరలు తెచ్చేవాడు. కూరలు కోసే కత్తిపీటలు, తాటికమ్మలు కోసే కత్తులు వచ్చేవి. ఇంట్లో మేం దాన్ని సాన్ అనేవాళ్ళం. వచ్చినవాళ్ళు సాన అనేవాళ్ళు. ఏళ్ళు గడిచి చదువుకున్నాక తెలిసింది, రెండూ ఒకటే మాటని. ఒకే మూలం నుంచి ఒకటి ఉర్దూలోకి పోయింది, ఒకటి తెలుగులోకి వచ్చింది. సూయి, సూది కూడా అంతే. ఇటు నుంచి అటు పోయినవీ ఉన్నాయి. దర్జీ, జేబు, అస్తరు, జరీ, రుమాలు. ఇవన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడ్డ మాటలు. మీ భాష వేరు, మా భాష వేరు అని మాతో గట్టిగా వాదించే పెద్దమనిషి చెయ్యి ఆ వాదన జరుగుతున్నంతసేపూ ఎక్కడుంటుంది? జేబులో.

మిషను సంగతి చూడండి. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో కుట్టు మిషనుకు పేటెంటు తీసుకుంటే, తమ పొట్ట కొడుతుందని 1831లో అక్కడి దర్జీలే వాటిని విరగ్గొట్టారు. తర్వాత అమెరికాలో 1846లో హోవ్, 1851లో సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. ఆ సింగర్ మిషను సముద్రం దాటి మన పల్లెల దాకా వచ్చింది. యంత్రాలంటే పడని గాంధీ కూడా 1924లో యంత్రాల గురించి మాట్లాడుతూ సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చాడు. దాని మీద కుట్టిన పట్టులంగా కట్టుకొని పిల్లలు గుడికి పోతారు. ఇంతవరకు ఎవరూ ఆ మిషనును నీ దేశానికి నువ్వు పో అనలేదు. దాన్ని తొక్కే కాళ్ళతో మాత్రం అంటారు. ఆ కాళ్ళు తరతరాలుగా ఈ మట్టి తొక్కినవే అయినా సరే.

ఆ తోలు బెల్టు సంగతీ చెప్పాలి. అది సాగినప్పుడు ఒక వేలెడు కోసి, కొసలు తీగ క్లిప్పుతో కలిపేవాళ్ళం. తోలు అంటే ఊరికే రాదు. దాని వెనక పశువును కోసిన ఖురేషీ చేతులుంటాయి. లందలో నానబెట్టి శుద్ధి చేసిన మాదిగ చేతులుంటాయి. పెళ్ళిపందిట్లో మెరిసే జాకెట్టు మీద ఈ చేతుల జాడ కనపడదు. కనపడకపోబట్టే ఆ జాకెట్టు పవిత్రంగా ఉంది. పనికి మేం కావాలి, పేరుకు వద్దు. ఇది మా ఒక్కళ్ళ కథ కాదు. దళితులకు బాగా తెలిసిన కథ.

1990లో రథయాత్ర తిరిగిన రోజుల్లో మా దుకాణానికి కాషాయం గుడ్డ తానులు తానులుగా వచ్చింది. మూడు మూలల జెండాలు కుట్టాలి, తొందరగా కావాలి అన్నారు. తెచ్చింది మాకు ఏళ్ళుగా తెలిసినవాళ్ళే. అబ్బా ఆ గుడ్డను కొంచెంసేపు చేత్తో నిమిరాడు. తర్వాత కొలత వేశాడు. మొహర్రానికి పీర్లకు దట్టీలు కుట్టిన మిషనే అది. ఆ దట్టీల గుడ్డ తెచ్చి మొక్కు తీర్చుకున్నవాళ్ళలో సగం మంది హిందువులే. బడిపిల్లలకు ఆగస్టు 15కు యూనిఫారాలు కుట్టిన మిషనే. పోలీసోళ్ళ ఖాకీ బట్టలు కుట్టిన మిషనే. "గుడ్డకు మజహబ్ ఉండదు, కూలి ఉంటది" అన్నాడు అబ్బా. రెండు రాత్రులు ఇద్దరూ కూర్చొని కుట్టారు. మధ్యలో కత్తెర మొద్దుబారితే సాన బిగించి నూరుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాదు తగలబడింది. పాతబస్తీలో ఉన్న మా బంధువుల ఇళ్ళ నుంచి కబురు కోసం రోజుల తరబడి ఎదురుచూశాం.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చేశారు. మా టౌనులో ఏమీ జరగలేదు. రాయి పడలేదు, అద్దం పగల్లేదు. కానీ కుట్టమని ఇచ్చిన గుడ్డల్ని కొందరు కత్తిరించకముందే వాపసు తీసుకుపోయారు. తొందరేమీ లేదులే సాయబూ, తర్వాత చూద్దాంలే అన్నారు. తర్వాత ఖాకీ బట్టలవాళ్ళు మా సందులో ఇళ్ళు సోదా చేశారు. మా సందులో అంటే మా సందులోనే. పక్క సందులోకి పోలేదు. మా బల్ల కింద చట్రం, సానరాయి, నాలుగు కత్తెరలు కనపడ్డాయి.

"ఇదేంది?"

"సాన్ సార్. కత్తెరలు నూరేది."

"కత్తెరలా, కత్తులా?"

అడిగిన మనిషి ఒంటి మీది చొక్కా మా అబ్బా కుట్టిందే. ఆ చొక్కా గుడ్డను కత్తిరించిన కత్తెర ఆ సాన మీద నూరిందే. ఆ సంగతి ఆయనకు తెలుసు, అబ్బాకు తెలుసు. ఇద్దరూ ఎత్తలేదు. సానను, పెద్ద కత్తెరను, వాటితోపాటు అబ్బాను తీసుకుపోయారు. రసీదు లేదు, కాగితం లేదు. ఆరోజు వరకు మా ఇంట్లో అది పనిముట్టు. ఆరోజు నుంచి ఆయుధం. వస్తువు మారలేదు. దాన్ని పట్టుకున్నవాడి పేరు చదివారు, అంతే.

ఎవరు వచ్చారో చెప్పాలి, ఎవరు రాలేదో కూడా చెప్పాలి. జెండాలు కుట్టించుకున్నవాళ్ళు రాలేదు. దుకాణం ముందు నుంచి పోవాల్సి వస్తే ఆ రోజుల్లో రోడ్డుకు అవతలి వైపు నడిచేవాళ్ళు. ఉలి నూరించుకున్న వడ్ల ఆయన వచ్చాడు. కమ్మరి తాత వచ్చాడు. స్టేషన్ మెట్ల మీద నిలబడి తాత అన్న మాట మేం ఇప్పటికీ మా పిల్లలకు చెప్తాం.

"ఆ చట్రం నేను కొట్టిచ్చిన సార్. నా కొలిమిల దినాం కొడవండ్లు, గొడ్డండ్లు చేస్త. నా ఇంటికెందుకు రాలే? ఆ సాయబు ఇంటికే ఎందుకు పోయిన్రు?"

ఈ ప్రశ్నకు ఆరోజు జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పొద్దుగూకే వేళకు అబ్బాను వదిలేశారు. కత్తెర ఇచ్చారు. సాన ఇవ్వలేదు. తాత ఇంకో చట్రం చేసిచ్చాడు. పైసలు ఇయ్యబోతే, నా పెద్దకొడుకు పెండ్లి అంగీ కుట్టినప్పుడు నువ్వు తీసుకున్నవా అన్నాడు.

కొత్త సాన వచ్చింది గానీ పాత రోజులు రాలేదు. పని కాగానే అబ్బా దాన్ని గోనెగుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టేవాడు. వడ్ల ఆయన ఉలి తెస్తే కూడా ముందు తలుపు దగ్గరికి వేసేవాడు. అంతకుముందు దుమ్ముకు తీసేవాళ్ళం. ఆ తర్వాత భయానికి తీసేవాళ్ళం. చేతులు చేసే పని ఒకటే. బెల్టు తప్పించడం, మర వదులు చెయ్యడం, చట్రం ఊడదియ్యడం. కానీ రెండు తీయడాలూ ఒకటి కాదు.

మేం అప్పటి నుంచి ఎన్ని తీసేశాం! పట్నంలో కిరాయి ఇల్లు దొరకాలని పేరులో సగం తీసేశాం. బస్సులో అమ్మీతో ఫోన్లో మాట్లాడుతూ సలాం తీసేశాం. ఆఫీసు గేటు దగ్గర టోపీ తీసి జేబులో పెట్టుకున్నాం. మా చెల్లెళ్ళు కాలేజీ మలుపులో బుర్ఖా తీసి సంచిలో మడిచారు. కొందరు ఇష్టంతో తీశారు, అది వాళ్ళ హక్కు. కొందరు భయంతో తీశారు. దాని లెక్క ఎవరు చెప్తారు?

బయటివాళ్ళే కాదు, లోపలివాళ్ళు కూడా తీసెయ్యమన్నారు. పీర్ల పండుగ తీసెయ్యండి, దట్టీలు కుట్టకండి, అది దీన్ కాదు అన్నారు. దూదేకులవాళ్ళ ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇదేం ముసల్మాన్లు అని నవ్వారు. ఒకరికి మాలో తెలుగు చాలదు. ఇంకొకరికి మాలో ఇస్లాం చాలదు. మధ్యలో మా పీరు, మా దట్టీ, మా యాస, మా సాన నిలబడే చోటు వెతుక్కుంటున్నాయి. ముందు భారతీయులా, ముందు ముస్లింలా అని అడిగేవాళ్ళకు మా మిషను చూపించాలనిపిస్తుంది. బెల్టు సూది మీద ఉన్నప్పుడు అది కుడుతుంది. సాన మీద ఉన్నప్పుడు నూరుతుంది. సూది ఆగింది కదా అని మిషను కాకుండా పోయిందా? కింద తొక్కే కాళ్ళు మారాయా?

కాళ్ళంటే మాకు అమ్మీ గుర్తొస్తుంది. సానరాయి మీద లేచే నిప్పురవ్వలు అందరూ చూశారు. అబ్బా చేతిని మెచ్చుకున్నారు. బల్ల కింద లయ తప్పకుండా తొక్కిన పాదాలను ఎవరూ చూడలేదు. వేగం కొంచెం తగ్గితే అంచు వంకరపోతుంది. ఆ అంచు ఎన్నడూ వంకరపోలేదు. మమ్మల్ని దేశానికి తగిలించిన సామానుగా చూస్తున్నారని మేం ఎక్కడ మాట్లాడినా ఆమె పాదాల మాట కూడా ఎత్తాలి. ఇంటిని తొక్కి నడిపిన మనిషిని ఇంటికి తగిలించిన మనిషిగా చూసే చూపు మా ఇళ్ళల్లోనూ ఉంది. ఒకటి అడిగి ఇంకోటి దాచిపెడితే మా మాటకు పదును ఉండదు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. రెడీమేడ్ బట్టలు వచ్చాక కొలతలు ఇచ్చేవాళ్ళు తగ్గారు. మిగిలిన దర్జీలు తొక్కుడు మిషనుకే చిన్న మోటారు బిగించుకున్నారు. అది కూడా మర వదులు చేస్తే ఊడివచ్చేదే. కరెంటు పోతే తీసేసి మళ్ళీ కాళ్ళతో తొక్కుతారు. సొంత పనుల మీద బతికేవాళ్ళు మిగతావాళ్ళలో కంటే ముస్లింలలో ఎక్కువని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. చెప్పకముందే మా మోకాళ్ళకు తెలుసు. 2007లో చట్టం చేసి వెనకబడిన 14 ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మా పిల్లలు కొందరు డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. 2014లో తెలంగాణ వచ్చింది. 2023 ఎన్నికల ఏడాదిలో బహిరంగ సభల్లో మళ్ళీ అదే మాట వినపడింది. ఆ రిజర్వేషన్ తీసేస్తాం అని. తీసేస్తాం అన్న మాట వినపడగానే మా చేతులు ఇప్పటికీ ఏదో ఒకటి గోనెగుడ్డలో చుట్టడానికి వెతుక్కుంటాయి.

మేం అడిగేది ఎక్కువేమీ కాదు. మమ్మల్ని మెచ్చుకోమనడం లేదు. జాలి అసలే వద్దు. మేం మా పని కోసం, మా ఇష్టం కోసం ఏది బిగించుకుంటామో ఏది తీసి పక్కన పెడతామో అది మాకు వదిలెయ్యండి. తీసి పక్కన పెట్టడం వేరు, తీసి పారెయ్యడం వేరు. పక్కన పెట్టినదాన్ని రేపు మళ్ళీ బిగించుకుంటాం. అప్పుడు తలుపు దగ్గరికి వెయ్యం. ఉలి తెచ్చినవాళ్ళకు ఉలి నూరిస్తాం, కత్తెర తెచ్చినవాళ్ళకు కత్తెర. ఇదేందని అడిగితే సాన్ అంటాం. మీరు సాన అనుకోండి.